పుదుమండపములోని నాయకరాజులు

మధుర మీనాక్షీ సుందరేశ్వరుల దేవాలయమునకు తూర్పు గోపురము నెదుట, వీథికి ఆవలిప్రక్కను, పొడవైన రాతిమండపమొకటి కలదు. తమిళులు దానిని పుదుమండపమందురు. అనగా క్రొత్త మండపము. క్రొత్తదన్న పేరు వచ్చి దాదాపు నాలుగువందల యేండ్లు గడచినను ఆ పేరు మాత్రము పాతబడలేదు. 1623 మొదలు 1659 వరకు మధురను ఏలిన తిరుమల నాయకుడు స్వామివారి వసంతోత్సవమునకై దీనిని కట్టించెను. నిలువు 333 అడుగులు, అడ్డము 105 అడుగులు. నాలుగు వరుసల స్తంభములు. వేసవిలో స్వామియు అమ్మవారును ఇచటికి వేంచేసినపుడు చల్లదనము కలుగుటకై చుట్టును నీటికాలువ త్రవ్వించిరి. ఆ కాలువ జాడ నేటికిని కానవచ్చును.

ఈ మండపముతో మా తొలి పరిచయము దైవదర్శనమువలన గాని శిల్పముమీది మక్కువవలన గాని కలిగినది కాదు, బడిచొక్కావలన కలిగినది. ఆ కాలమున ఈ మండపము నిండ దుకాణములుండెడివి. గాజులు, ఇత్తడి సామానులు, పంచాంగములు అమ్మువారు ఒకవైపు. స్తంభమునకొక కుట్టుయంత్రము పెట్టుకొని దర్జీలు వేరొకవైపు. మా అవ్వ మమ్ము చేయిపట్టుకొని వచ్చి, దర్జీ కొలతలు తీసికొనునంతసేపు ప్రక్కనున్న రాతిమనిషి ముందర నిలుచుండెడిది. అతడు బొజ్జతో, మొలను బాకుతో, చేతులు జోడించి నిలుచున్న పెద్దమనిషి. ఆయన మోచేతికి దర్జీ దారపుకండెలు తగిలించెడివాడు. అవ్వ కొంగున ముడివేసి తెచ్చిన మల్లెపూలలో రెండు తీసి ఆ రాతిపాదములమీద నుంచి, "మన రాజురా అబ్బీ, దండం పెట్టుకో" అనెడిది. మేము దండము పెట్టెడివారము. ఆ రాజెవరో ఆమెకు తెలియదు, మాకును తెలియదు.

ఉద్యోగవిరమణ జరిగిన తరువాత గాని ఆ ప్రశ్నను తీరికగా తలపోయు అవకాశము మాకు కలుగలేదు. మేము చదివినది మెట్రిక్యులేషను వరకే. శిల్పశాస్త్రము గాని సంస్కృతము గాని ఎరుగము. ముప్పదియేండ్లకు పైగా కాగితములకు నకళ్ళు వ్రాసి, క్రింద సంతకము ఉన్నదో లేదో చూచి కట్టలు కట్టిన గుమాస్తా అలవాటుతోనే ఈ రాళ్ళనుకూడ చూచితిమి. కావున పండితులు దోషములను మన్నింతురుగాక.

మండపపు నడిమి నడవలో ఇరువైపుల స్తంభములకు పదిమంది నాయకరాజుల విగ్రహములు కలవు. విశ్వనాథ నాయకుడు మొదలు తిరుమల నాయకునివరకు గల వంశక్రమమిది. సింహాసనమెక్కినవారితోపాటు, కలిసి పాలించిన అన్నదమ్ములను లెక్కించినచో సంఖ్య సరిపోవును. రాజుల ప్రక్కను రాణులు, కొంత పొట్టిగా, నిలిచియుందురు. విగ్రహము స్తంభమునకు తెచ్చి అతికినది కాదు. స్తంభమును విగ్రహమును ఒకే రాయి. గట్టి నల్లరాతి దిమ్మెనొకదానిని పడవేసి, పైకప్పు మోయవలసిన కంబమునకు కావలసినంత వదలి, తక్కిన దానినుండి నిలువెత్తు మనిషిని వెలికి తీయవలెను. మెత్తని సున్నపురాయియైనచో ఉలి జారినను సరిదిద్దవచ్చును. ఈ రాతిలో బెడ్డ ఎగిరినచో ఎగిరినట్లే. అయినను మెడలోని హారములు, చెవిపోగులు, నడుమునకు కట్టిన వస్త్రపు మడతలు వేరువేరుగ లెక్కపెట్టుకొనవచ్చును. పైగా వీరందరును ఒకే అచ్చున పోసినవారు కారు. బొజ్జ ఒకరిది చిన్నది, ఒకరిది పెద్దది. తిరుమల నాయకునిది మిక్కిలి పెద్దదని వేరుగ చెప్పనక్కరలేదు. తన్ను సన్నముగ చెక్కుమని ఆ రాజు ఆజ్ఞాపింపకుండుట మాకు మెచ్చదగినదిగా తోచినది.

ఈ వంశము మధురకు వచ్చిన విధమును తెలుగువారెరుగనిది కాదు. అయినను చిన్నవారికొరకు రెండుమాటలు. విజయనగరమునుండి శ్రీకృష్ణదేవరాయలు నాగమ నాయకుని దక్షిణమునకు పంపగా, అతడు పాండ్యరాజ్యమును జయించి తనకే ఉంచుకొనెనట. అతనిని పట్టి తెచ్చువారెవరని రాయలు సభలో అడుగగా నాగమ నాయకుని కుమారుడు విశ్వనాథుడే లేచెనట. తండ్రిని బంధించి తెచ్చి రాయల ముందు నిలిపెననియు, రాయలు ఆ స్వామిభక్తికి మెచ్చి తండ్రిని మన్నించి కుమారునకు మధుర నొసగెననియు వృత్తాంతములు చెప్పుచున్నవి. 1529 ప్రాంతమున ఇట్లు మొదలైన వంశము 1736 వరకు సాగినది. ఆ విశ్వనాథునికి కుడిభుజమైన అరియనాథ మొదలియారు తమిళుడు. మీనాక్షి ఆలయములోని వేయికాళ్ళ మండపమును 1569లో కట్టించినది ఆయనయే. అందు స్తంభములు నిజమునకు 985. ఆ మండపపు ప్రవేశమున గుఱ్ఱముమీదనున్న రౌతును ఆయన విగ్రహమనియే చెప్పుదురు. రాజు తెలుగువాడు, మంత్రి తమిళుడు, కొలువున్న దేవి పాండ్యుల ఆడుబిడ్డ. మధుర కథ మొదటినుండియు ఈ మువ్వురి కథయే.

రాజులు తమ రూపములను రాతిలో నిలుపుకొనుట నాయకులతో పుట్టినది కాదు. మహారాష్ట్రలోని మన సోదరులు జున్నరు దగ్గరి నానాఘాటు కనుమను చూచియే యుందురు. అచట కొండను తొలిచిన గుహలో శాతవాహన రాజకుటుంబపు విగ్రహములు వరుసగ నుండెడివి. శిముకుడు, శాతకర్ణి, రాణి నాగనిక మున్నగువారి పేర్లు బ్రాహ్మీ లిపిలో తలలపైన చెక్కిరి. రెండువేల యేండ్లకు విగ్రహములు రూపుమాసిపోయినవి. పేర్లు మాత్రము నిలిచినవి. కర్ణాటకములో సన్నతి చెంతనున్న కనగనహళ్ళి బౌద్ధస్తూపములో అశోకుని బొమ్మ దొరకినది. దానిమీదను రాజా అశోకుడని పేరు కలదు. అచట శాతవాహనరాజులను గూడ చెక్కియున్నారు. తమిళదేశమునకు వచ్చినచో, మహాబలిపురపు ఆదివరాహ గుహలో సింహవిష్ణు, మహేంద్రులను పేర్లు చెక్కిన పల్లవరాజులిద్దరు దేవేరులతో కానవత్తురు. ఒకరు కూర్చుండియు, ఒకరు నిలుచుండి రాణిని చేయిపట్టి నడిపించుచును ఉన్నారు. నానాఘాటులో పేర్లు మిగిలి రూపములు పోగా, మధురలో రూపములు మిగిలినవి. ఎవరు ఎవరో వంశపు వరుసను బట్టి పోల్చుకొనుట వాడుకయైనది. రెండింటిలో ఏది మేలని అడిగినచో గుమాస్తాగా పేర్లే మేలని చెప్పవలసియుండెను. కాని ఆ బొజ్జరాజులను చూచిన పిదప మాట తడబడుచున్నది.

ఇందు గమనింపదగినది చేతుల సంగతి. పల్లవరాజులు చేతులు జోడింపలేదు. వారు తమ కొలువులో నున్నట్లే యున్నారు. చోళులనాడు కోనేరిరాజపురపు గుడిలో గండరాదిత్యుడు శివలింగమును పూజించుచున్నట్లు చెక్కిరి. కాని అది గోడమీది చిన్న పలక. నిలువెత్తున నిలిచి, రాణులతోకూడ, దేవుని గుమ్మముకడ దోసిలి యొగ్గిన రాజు మనకు కన్నులారా కనబడునది తిరుమలకొండమీదనే. మహాద్వారము దాటగానే కుడివైపున తిరుమలదేవి చిన్నాదేవులతో రాగివిగ్రహమై నిలిచిన కృష్ణదేవరాయలు చేతులు జోడించియే యున్నాడు. కుళ్ళాయి ధరించి, యుద్ధములలో గెలిచిన ఆ రాయలు కత్తి పట్టలేదు. రోజునకు వేలకొలది జనము ఆయనను దాటి లోనికి పోవుచుందురు. ఆయన మాత్రము గుమ్మముకడనే నిలిచియుండును. విజయనగరమునుండి వచ్చిన నాయకులు ఆ నిలుకడను తమతో తెచ్చిరని మా తలంపు. మధురలోనే కాదు, అళగరుకోవెలలోను తిరుమల నాయకుని విగ్రహమున్నది. శ్రీరంగములో విజయరంగ చొక్కనాథ నాయకుడు కుటుంబసహితముగ చేతులు జోడించి నిలిచియున్నాడు. ఇతడే తెలుగు వచనమున శ్రీరంగమాహాత్మ్యమును వ్రాసినవాడు.

చేతులు జోడించుట భక్తికి గుర్తన్నమాట నిజమే. కాని అంతతో ఆగరాదు. తిరుమల నాయకుడు తిరుచిరాపల్లినుండి రాజధానిని మధురకు మార్చినవాడు. అప్పటికి తళ్ళికోట యుద్ధము జరిగి, అనగా 1565 దాటి, అరువదియేండ్లు కావచ్చినది. విజయనగరపు సార్వభౌమత్వము పేరునకే మిగిలియుండెను. రాయల ఆజ్ఞచే ఏలుచున్నామని చెప్పుకొన్న వంశమునకు ఇపుడు ఎవరి ఆజ్ఞ? పాండ్యులా ఇచటివారు, వీరు ఉత్తరమునుండి వచ్చిన పరభాషవారు. మధురలో రాణి మీనాక్షి. చిత్తిరై ఉత్సవములో అమ్మవారికి పట్టాభిషేకము చేసి రాజదండము నొసగుట నేటికిని జరుగుచున్నది. నాయకులు ఆమె చేతి దండమునే గ్రహించి పాలించిరని చెప్పుదురు. రాణి మంగమ్మ అట్లు దండమును అందుకొనుచున్న చిత్రము పొన్తామర కొలనుకడ ఊంజల్ మండపమున కలదు. కావున పుదుమండపములో పదిమంది నాయకులను వరుసగ నిలుపుట తిరుమల నాయకుడు వ్రాయించుకొన్న పట్టావంటిది. మా తాతముత్తాతలనుండి ఈ ఇంటి గుమ్మములో చేతులు జోడించియే యున్నాము, కావున ఈ ఇంటివారమే యని దాని తాత్పర్యము. మేము ఇంతకంటె చక్కగ చెప్పలేము. కాని పరదేశమున స్థిరపడిన కుటుంబమునకు ఈ మాట అర్థమగుటకు వ్యాఖ్యానము అవసరము లేదు.

ఇచట ఒక సంగతి ఒప్పుకొనవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట మనవారి సభయొకదానిలో ఒక పెద్దమనిషి లేచి, ఈ దక్షిణదేశమునకు గుడులు కట్టుట నేర్పినది మనమే, మధురలో ప్రతిరాయియు తెలుగు పలుకునని గంభీరముగ ప్రసంగించెను. చప్పట్లు మిన్నుముట్టినవి. మేమును కొట్టితిమి. ఇంటికి వచ్చి మజ్జిగ త్రాగుచున్నపుడు సిగ్గు కలిగినది. కాంచీపురములో రాజసింహ పల్లవుడు కైలాసనాథాలయమును కట్టించునప్పటికి ఇంకను నాయకులు లేరు, విజయనగరము లేదు. 1010లో తంజావూరి బృహదీశ్వరాలయము పూర్తియగునప్పటికి విశ్వనాథ నాయకుడు పుట్టుటకు అయిదువందల యేండ్లు కావలసియున్నవి. మీనాక్షి గుడి తూర్పు గోపురము 13వ శతాబ్దపు పాండ్యులది. మనవారు వచ్చునప్పటికే ఈ దేశమునందు ఉలి పట్టుటలో ఆరితేరిన కుటుంబములు తరతరములుగ ఉన్నవి. నాయకులు గుడులకు ధనమిచ్చిరి, పొడవైన మండపములను, ఎత్తైన గోపురములను కోరిరి. యాళులు, లేచిన గుఱ్ఱములు, నిలువెత్తు మనుష్యులు గల స్తంభములను పెంపుచేసిరి. విజయనగరమున హంపి విఠలాలయములో, లేపాక్షిలో పెరిగిన ఆ అభిరుచిని తెచ్చినది వారే. అది చిన్న విషయము కాదు. కాని ఆ కోరికకు రూపమిచ్చిన చేతులలో అధికభాగము ఈ నేలవి. ఆ ధనముకూడ తామ్రపర్ణి, వైగై తీరముల రైతుల పన్నులనుండి వచ్చినదే. మరియు మనవారందరును రాజులవెంట ఏనుగులెక్కి రాలేదు. కరిసలు నేలలను దున్నుటకు నాగలితో వచ్చినవారును, మగ్గముతో వచ్చినవారునే యెక్కువ. మా పూర్వులలో రాజులెవరును లేరు; ఉన్నట్లు అవ్వ ఎన్నడును చెప్పలేదు.

మరి చెక్కినదెవరు? మా గుమాస్తాబుద్ధి ఈ సంతకము దగ్గరనే చిక్కుకొన్నది. కర్ణాటకములోని పట్టదకల్లు విరూపాక్షాలయమును, రెండవ విక్రమాదిత్యుడు కంచిని జయించినందుకు గురుతుగ, ఆయన రాణి లోకమహాదేవి 8వ శతాబ్దిలో కట్టించెను. అచట శాసనములో గుండడను శిల్పికి అనివారితాచారి అను బిరుదు నిచ్చినట్లు వ్రాసియున్నది; సర్వసిద్ధి ఆచారియను మరియొకని పేరును కలదు. తంజావూరి పెద్దగుడి శాసనములలో రాజరాజ పెరుంతచ్చన్ అను స్థపతిని పేర్కొనిరి. తెలుగునాట పాలంపేట దేవాలయమును 1213లో కట్టించినది రేచర్ల రుద్రుడు. జనము పిలుచునది మాత్రము శిల్పి పేరని చెప్పబడు రామప్ప పేరుతోనే. పుదుమండపమునకు జనశ్రుతి చెప్పు శిల్పి సుమంద్రమూర్తి ఆచారి. ఆయనను గూర్చి ఒక కథ కలదు. మధురలో దానిని వినని ఇల్లు లేదు.

తిరుమల నాయకుని పట్టపురాణి విగ్రహమును చెక్కుచుండగా తొడమీద ఒక పెళ్ళ ఎగిరినదట. ఆచారి ఆ రాయిని విడిచి మరియొక రాతితో మొదలుపెట్టెను. అందును అదేచోట పెళ్ళ ఎగిరినది. అతడు దిగులుపడి మంత్రియైన నీలకంఠ దీక్షితులకు విన్నవించుకొనగా, ఆయన ఒక్కక్షణము కన్నులు మూసికొని, రాణిగారికి ఆచోట మచ్చ యుండవచ్చును, అట్లే యుండనిమ్మని చెప్పెను. రాజు వచ్చి చూచి, తప్పేమని అడిగి, దీక్షితుల మాట విని మండిపడెను. అంతఃపురపు సంగతి ఈయనకెట్లు తెలిసినదని అనుమానించి, కన్నులు తీయింపనెంచి పిలువనంపెను. పూజలోనున్న దీక్షితులు ఆ ఆజ్ఞ రాకముందే గ్రహించి, హారతి కర్పూరముతో తన కన్నులను తానే కాల్చుకొనెను. రాజు పశ్చాత్తాపముతో పరుగున వచ్చెను. దీక్షితులు అమ్మవారిమీద ఆనందసాగరస్తవమును చెప్పి మరల చూపు పొందెనట.

నీలకంఠ దీక్షితులు కల్పితపురుషుడు కాడు. నీలకంఠవిజయ చంపువును 1637లో రచించిన మహాకవి. కథ జరిగినదో లేదో తేల్చుట మా పని కాదు. కాని ఈ కథలో మమ్ము ఆకర్షించినది దీక్షితుల మహిమ కాదు. ఆ ఆచారి పాటు. రెండవసారి అదేచోట రాయి ఎగిరినపుడు ఆయన గుండె ఎట్లుండెనో! మంత్రి కన్నులకు చూపు వచ్చినదని, రాజు మారినాడని కథ చెప్పును. ఆచారి ఏమాయెనో కథ చెప్పదు. పని పూర్తియైన పిదప పనిముట్లు మూటకట్టుకొని వేరొక ఊరికి పోయియుండును. ఒకటి మాత్రము నిజము. ఆ రాణి తొడమీద రాయి ఎగిరిన చోటు ఇదియేయని నేటికిని చూపుదురు. పగులగొట్టించి వేరొకటి చేయింపగల రాజు దానిని అట్లే ఉంచెనని జనము నమ్మినారు. తమ రాజును గూర్చి జనము నమ్మిన మంచి మాటలలో ఇదియొకటి.

తిరుమల నాయకుడు మొదలుపెట్టి ముగింపనిదియు పుదుమండపమునకు ఎదుటనే కలదు. మండపమునకు తూర్పున రాయగోపురపు మొదలు నిలిచియున్నది. దాని ద్వారబంధపు కంబములు 50 అడుగులకు మించిన ఏకశిలలు. పూర్తియైయున్నచో దక్షిణదేశములోని గోపురములన్నింటిని మించెడిదేమో. ఇపుడు దుకాణములమధ్య, మొండెముగ, తల లేక నిలిచినది. 1636లో కట్టిన మహలులో నాలుగవవంతు మాత్రము మిగిలినదందురు. తిరుమల నాయకుని మనుమడు చొక్కనాథుడు తిరుచిరాపల్లిలో తన మహలునకై దీనిని విప్పి సామాను తరలించెనట. మిగిలినదానిని 1866 మొదలు 1872 వరకు మద్రాసు గవర్నరుగానున్న నేపియరు ప్రభువు బాగుచేయించెను. ఆ మహలు ఇటుక సున్నములది, నున్నని గచ్చుపనిది. చూడ బ్రహ్మాండముగనే యుండును. కాని మహలును చూచి వచ్చినవాడు తిరుమల నాయకుని సంపదను చూచును. పుదుమండపమును చూచినవాడు ఆ మనిషిని చూచును. ఒకేపూట తీరిక గలవారికి మేము మండపమునే చెప్పుదుము.

నాయకుల తరువాత మండపము అంగడియై, దీపపుమసి, నూనెమరక, సున్నపుపూత ఆ రాజులమీద పేరుకొన్నవి. దుకాణములవలన శిల్పము చెడినదని కొందరును, దుకాణములే లేకున్నచో నిత్యము జనము వచ్చియుండరని కొందరును వాదింతురు. ఇరువురి మాటలోను సత్యము కలదు. ఇటీవల ఆ దుకాణములను చెంతనున్న కున్నత్తూరు సత్రమునకు మార్చిరి. నాలుగైదు తరములు ఒకే స్తంభముక్రింద కూర్చుండి కుట్టిన దర్జీల కుటుంబములకు ఆ మార్పు సులభమైయుండదు. తమిళులు, సౌరాష్ట్రులు, తురకలు, తెలుగువారు అందరును అందు ప్రక్కప్రక్కన యంత్రములు త్రొక్కినవారే. శిల్పముమాత్రము ఇపుడు ఊపిరి పీల్చుకొనుచున్నది. మూడు స్తనములతో పుట్టిన తటాతకగా మీనాక్షి, పందిపిల్లలకు పాలిచ్చిన శివుడు, చెరకు తిన్న రాతి యేనుగు, ఇంతకాలము బట్టలతానులచాటున నుండినవి, ఇపుడు నిలువుగ కానవచ్చుచున్నవి.

మొన్న ఒక పగటివేళ మేము మనుమరాలితోకూడ వెళ్ళి, పాత దర్జీ కూర్చున్న చోటును వెదకితిమి. యంత్రపు కాళ్ళు ఒరసి నేలరాతిలో పడిన రెండు గుంటలను బట్టి ఆనవాలు కట్టితిమి. ఎదుట అదే రాతిమనిషి. వంశపు వరుసను వ్రాసికొనిపోయిన కాగితము తీసి లెక్కపెట్టితిమి. అవ్వ తిరుమల నాయకుడని తలచి యేండ్లకొలది పూలుంచినది ఆయనకు కాదు. ఆయనకంటె ముందటి వరుసలోని వేరొకనికి. ఆయన పెద్దగుడులేవియు కట్టింపలేదు, కథలలోను పేరు వినబడదు. మనుమరాలు, "ఇతను ఎవరు తాతా?" అని అడిగినది. కాగితములోని పేరు చదివి చెప్పితిమి. అది తన జడలోని పూలలో ఒకటి తీసి ఆ పాదముకడ నుంచి, దారము తగిలి అరిగిన ఆ మోచేతిని వ్రేలితో తడవి చూచినది.